కీని నమ్మాలా, బిగువును నమ్మాలా

సూపర్‌చార్జర్ ఉన్న అమెరికన్ మజిల్ కారులో బూస్ట్ తగ్గిందంటే మొదటి అనుమానం బెల్ట్ మీదికే పోతుంది. బెల్ట్ మారుస్తారు, టెన్షనర్ మారుస్తారు, గాలి ఎక్కడైనా లీకవుతోందేమోనని పైపులన్నీ తడుముతారు. అవన్నీ బాగున్నాయని తేలాక గానీ కిందికి, క్రాంక్ షాఫ్ట్ ముక్కు మీద కూర్చున్న పుల్లీ వైపు చూడరు. చూసేసరికి ఆ పుల్లీ క్రాంక్‌తో సమంగా తిరగకుండా కొంచెం కొంచెం వెనకబడుతూ వచ్చి, ముక్కును గీసేసి, ఉక్కుకు ఉక్కు అంటుకుని చిరిగిన మచ్చలు మిగిల్చి ఉంటుంది. బెల్ట్‌తో పోవాల్సిన ఖర్చు అప్పుడు క్రాంక్ దాకా పాకుతుంది. క్రాంక్ మార్చాలంటే ఇంజన్ దించి మొత్తం విప్పాల్సిందే.

ఈ జారుడును ఆపడానికి ఇంజన్ తయారీలో రెండు పద్ధతులు స్థిరపడ్డాయి. ఒకటి ఆకారంతో అడ్డుకోవడం: క్రాంక్ ముక్కులో ఒక గాడి, పుల్లీ హబ్‌లో ఒక గాడి, రెండింటినీ కలుపుతూ ఒక చిన్న ఉక్కు కీ. రెండోది బిగువుతో పట్టుకోవడం: హబ్ రంధ్రాన్ని ముక్కు కన్నా వెంట్రుకవాసి చిన్నగా కోసి, బలవంతంగా ఎక్కించి, ముందు నుంచి పెద్ద బోల్ట్‌తో నొక్కేయడం. ఎద్దుల బండి చక్రానికి ఇనప పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి నీళ్ళు పోస్తే, చల్లారిన పట్టా కొయ్యను కరిచి పట్టుకుంటుంది కదా, ఈ రెండో పద్ధతిలో పట్టు ఆ జాతిదే.

కీ ఉన్నది గట్టిది, కీ లేనిది కంపెనీ కక్కుర్తి అన్న అభిప్రాయం గ్యారేజీల్లో బాగా పాతుకుపోయింది. నేను దానితో ఏకీభవించను. బరువు మోసేది ఎప్పుడూ బిగువే. కీ చేసే పని వేరు, ఆ పని కూడా విలువైనదే. కానీ ఒకదాని పనిని ఇంకొకదానికి అప్పగించినప్పుడల్లా ఇంజన్లు పాడయ్యాయి. ఈ మాటకు సాక్ష్యం కోసం ఎక్కువ దూరం పోనక్కర్లేదు. షెవ్రొలే ఒక్కటే ఈ ప్రశ్నకు మూడు కాలాల్లో మూడు జవాబులు ఇచ్చింది.

మొదటి జవాబు 1955లో వచ్చిన స్మాల్ బ్లాక్ వీ8. దాని క్రాంక్ ముక్కుకు కీ ఉంది. ఆశ్చర్యం ఏమిటంటే తొలి ఏళ్ళ క్రాంకులు చాలావాటికి ముందు బోల్ట్ రంధ్రమే లేదు. పుల్లీని మోస్తూ క్రాంక్ ఊపును అణిచే చక్రమైన బ్యాలెన్సర్‌ను ప్రెస్ చేసి ఎక్కించేవాళ్ళు, కీ దాన్ని సరైన కోణంలో నిలిపేది, అంతే. ఫ్యాను, నీళ్ళ పంపు, జనరేటర్ తిప్పడానికి ఆ ఏర్పాటు చాలింది. పైగా ఆ రోజుల్లో ఇగ్నిషన్ టైమింగ్ గీత బ్యాలెన్సర్ మీదే ఉండేది కాబట్టి, అది ఏ కోణంలో కూర్చుందన్నది ముఖ్యం. కీ అందుకోసం పెట్టింది.

తర్వాత హాట్‌రాడ్ కుర్రాళ్ళు ఆ ఇంజన్ నెత్తిన 6-71 బ్లోయర్‌ను పెట్టారు. అది అసలు జనరల్ మోటార్స్ వారి రెండు స్ట్రోకుల డీజిల్ ఇంజన్‌ది. ఆరు సిలిండర్లు, ఒక్కొక్కటి 71 ఘనపు అంగుళాలు, అందుకే ఆ పేరు. బస్సులూ లారీలూ నడిపిన ఇంజన్‌లోకి గాలి తోయడానికి పుట్టిన యంత్రం అది. దాన్ని తిప్పడానికి పళ్ళున్న వెడల్పాటి బెల్ట్ వాడారు. పళ్ళ బెల్ట్ జారదు. మామూలు బెల్ట్ అయితే భారం ఎక్కువైనప్పుడు కాస్త జారి, కీచుమని అరిచి, క్రాంక్‌ను కాపాడుతుంది. పళ్ళ బెల్ట్‌కు ఆ దయ లేదు, వచ్చిన కుదుపునంతా తెచ్చి క్రాంక్ ముక్కు మీద పోస్తుంది. అక్కడ బిగించడానికి బోల్టే లేకపోతే ఆ దెబ్బలన్నీ తినేది వేలెడంత లేని కీ.

ఏమైందో ఊహించవచ్చు. కీలు తెగాయి, గాడులు వెడల్పయ్యాయి, గాడి మూల నుంచి క్రాంక్ ముక్కులో పగుళ్ళు పుట్టాయి. వాళ్ళు కనిపెట్టిన మందులు మూడు: ముక్కుకు రంధ్రం వేసి మర తీసి పెద్ద బోల్ట్ బిగించడం, ఒక కీ చోట రెండు కీలు పెట్టడం, లేదా 1965లో వచ్చిన బిగ్ బ్లాక్ 396 కుటుంబానికి మారిపోవడం. స్మాల్ బ్లాక్ ముక్కు వ్యాసం అంగుళంపావు లోపు, బిగ్ బ్లాక్‌ది 1.6 అంగుళాలు. మెలికకు తట్టుకునే బలం వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆ చిన్న తేడాకే బలం రెట్టింపు దాటుతుంది. మూడు మందుల్లో నిజంగా జబ్బు కుదిర్చింది బోల్టూ, లావు ముక్కూ. రెండో కీ దెబ్బలను పంచుకుందే తప్ప దెబ్బలను ఆపలేదు.

ఎందుకంటే కీ గాడిలోకి దిగాలంటే ఎక్కడో ఒక సన్నని సందు ఉండి తీరాలి. భారం ఒకే వైపు నిలకడగా ఉంటే ఆ సందు వల్ల నష్టం లేదు, కీ ఒక గోడకు ఆనుకుని ఉండిపోతుంది. కారు ఇంజన్‌లో భారం అలా ఉండదు. ఫట్‌మని యాక్సిలరేటర్ తొక్కితే ఒకవైపు, గేరు మార్చగానే రెండోవైపు, మధ్యలో ప్రతి సిలిండర్ పేలుడుకూ ఒక ఊపు. హబ్‌ను బిగువు పట్టి ఉంచకపోతే కీ ఆ సందులో ఇటూ అటూ కొట్టుకుంటూ, ప్రతి దెబ్బతో సందును ఇంకొంచెం పెంచుతూ పోతుంది.

దీనికి నాకు తెలిసిన అతి స్పష్టమైన ఉదాహరణ మజిల్ కారు కూడా కాదు. 1990, 91 తొలి మాజ్డా మియాటాల 1.6 లీటర్ల ఇంజన్‌కు క్రాంక్ ముక్కు పొట్టిది, బోల్ట్ చిన్నది. కీ మాత్రం ఉంది. సూపర్‌చార్జర్ లేదు, చెప్పుకోదగ్గ శక్తీ లేదు. అయినా బోల్ట్ సరిగా బిగియని కార్లలో పుల్లీ ఊగులాడి, కీ తన గాడిని తానే తొలిచేసింది. తర్వాత మాజ్డా ముక్కును పొడవు చేసి, బోల్ట్‌ను పెద్దది చేసింది. సమస్య తగ్గింది. కీ ఉంటే చాలు అనేవారికి ఈ ఒక్క ఇంజన్ చాలు.

షెవ్రొలే రెండో జవాబు 1997 కార్వెట్‌తో వచ్చిన ఎల్‌ఎస్1. ఇందులో డ్యాంపర్‌కు, అంటే ఆ బ్యాలెన్సర్‌కే, కీ తీసేశారు. టైమింగ్ చెయిన్ తిప్పే పళ్ళచక్రానికి మాత్రం దాని కీ దానికి ఉంది. కారణం ఊహించడం కష్టం కాదు. క్రాంక్ ఏ కోణంలో ఉందో చెప్పే సెన్సార్ ఇప్పుడు క్రాంక్ వెనక భాగంలోని పళ్ళచక్రాన్ని చదువుతుంది, డ్యాంపర్ మీద గీత చూసేవాడు లేడు. గీత అక్కర్లేనప్పుడు కోణం నిలిపే కీ దేనికి? ముక్కులో గాడి కోయకపోతే పగులు మొదలయ్యే మూల కూడా ఒకటి తగ్గుతుంది.

దాన్ని బిగించే తీరు చూస్తే కంపెనీ ఎంత జాగ్రత్త పడిందో తెలుస్తుంది. ముందు పాత బోల్ట్‌తో 240 అడుగు-పౌండ్ల దాకా లాగి హబ్‌ను పూర్తిగా లోపలికి కూర్చోబెట్టాలి. ఆ బోల్ట్ తీసేసి, క్రాంక్ ముక్కు అంచు హబ్ ముఖం కన్నా ఎంత లోపల ఉందో కొలవాలి: 2.40 నుంచి 4.48 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఉంటే కొత్త బోల్ట్ తీసుకుని 37 అడుగు-పౌండ్లకు బిగించి, అక్కడి నుంచి 140 డిగ్రీలు తిప్పాలి. ఆ చివరి తిప్పుడులో బోల్ట్ తన సాగే హద్దు దాకా సాగుతుంది, అందుకే దాన్ని రెండోసారి వాడకూడదు. జారిన పుల్లీల కథల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. డబ్బు ఆదా అని పాత బోల్టే పెట్టడం, లోతు కొలవకపోవడం, ఇంపాక్ట్ గన్ చప్పుడు ఆగితే బిగిసినట్టే అనుకోవడం. వీటిలో ఏ ఒక్కటి జరిగినా కంపెనీ లెక్క వేసిన నొక్కుడు ఆ అతుకులో ఉండదు.

ఆ లెక్క ఎంత ఉంటుందో స్థూలంగా వేసి చూద్దాం. అంత లావు బోల్ట్ సుమారు లక్ష న్యూటన్ల బలంతో, అంటే పది టన్నుల బరువుతో, హబ్‌ను వెనకనున్న పళ్ళచక్రానికి నొక్కుతుందనుకుందాం. ఉక్కుకూ ఉక్కుకూ మధ్య రాపిడి 0.15, ఆ ముఖం సగటు వ్యాసార్ధం 20 మిల్లీమీటర్లు. మూడూ గుణిస్తే 300 న్యూటన్ మీటర్లు. ప్రెస్ ఫిట్ ఇచ్చే పట్టు దీనికి అదనం.

ఇక భారం. దీనికి కొలమానంగా డాడ్జ్ హెల్‌క్యాట్‌ను తీసుకుంటాను, కంపెనీయే అంకెలు చెప్పింది కనుక. 2015 మోడల్‌తో వచ్చిన ఆ 6.2 లీటర్ల హెమీ 707 హార్స్‌పవర్ ఇస్తుంది. దాని 2.4 లీటర్ల సూపర్‌చార్జర్ క్రాంక్ కన్నా 2.36 రెట్లు వేగంగా తిరిగి, నిమిషానికి 14,600 చుట్ల దాకా పోతుంది. పూర్తి వేగంలో దాన్ని తిప్పడానికే 80 హార్స్‌పవర్ ఖర్చవుతుంది. వినడానికి భయంగా ఉంటుంది. క్రాంక్ నిమిషానికి 6,200 చుట్లు తిరిగేటప్పుడు ఆ 80 హార్స్‌పవర్‌ను మెలితిప్పే బలంగా మారిస్తే వచ్చేది 92 న్యూటన్ మీటర్లు మాత్రమే. మన అతుకు పట్టులో మూడో వంతు కూడా లేదు. మరి పుల్లీలు ఎందుకు జారుతున్నాయి?

ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. సూపర్‌చార్జర్ లాగే శక్తినే చూస్తారు, అది నిలకడ భారం. జారుడు తెచ్చేది ఊగే భారం. వీ8 క్రాంక్ ప్రతి చుట్టులో నాలుగు పేలుళ్ళకు మెలికపడి విడుతుంది. ఆ మెలిక ఎక్కువగా కనిపించే చోటు స్వేచ్ఛగా ఉన్న ముందు ముక్కే. ఏదో ఒక వేగంలో ముక్కు సెకనుకు 300 సార్లు, ఇటు పావు డిగ్రీ అటు పావు డిగ్రీ ఊగుతోందనుకోండి. కంటికి కనబడని ఊపు అది. నాలుగు కిలోల డ్యాంపర్ రింగు, 75 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో, ఆ ఊపును అనుసరించాలంటే ప్రతి ఊగులోనూ హబ్ మీద పడే బలం 350 న్యూటన్ మీటర్ల దాకా వస్తుంది. హబ్‌కూ రింగుకూ మధ్య రబ్బరు ఉంటుంది కాబట్టి నిజం అంకె మారుతుంది. అయినా ఏది పెద్ద శత్రువో తెలుసుకోవడానికి ఈ లెక్క చాలు. హెల్‌క్యాట్ కోసం డాడ్జ్ ప్రత్యేకంగా ట్యూన్ చేసిన డ్యాంపర్ పెట్టి, దాన్ని 13,000 చుట్ల వేగం దాకా పరీక్షించామని చెప్పుకుంది. నా దృష్టిలో ఆ ప్రకటనలోని అసలు వార్త 707 కన్నా ఇదే.

దీనికి సూపర్‌చార్జర్ రోటర్ల జడత్వం తోడవుతుంది. క్రాంక్ దగ్గర ఆ జడత్వం వేగ నిష్పత్తి వర్గంతో గుణించి కనబడుతుంది. 2.36 వర్గం అయిదున్నర పైచిలుకు. బూస్ట్ పెంచాలని పై పుల్లీని చిన్నది చేసి నిష్పత్తిని 2.6కు తెస్తే, రోటర్లు అవే అయినా గేరు మార్పులో క్రాంక్ ముక్కు మోయాల్సిన జడత్వం అయిదో వంతు పెరుగుతుంది. కింది పుల్లీని పెద్దది చేసేవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, ముక్కు మీదే అదనపు బరువు తగిలిస్తారు. పట్టు పెంచకుండా నిష్పత్తి పెంచడాన్ని నేను సమర్థించను.

బెల్ట్ లేకపోయినా ఇదే జబ్బు రావడం ఈ వాదనకు మరో బలం. బీఎండబ్ల్యూ ఎం3, ఎం4 కార్లలో 2014 నుంచి వచ్చిన ఎస్55 ఇంజన్‌కు టర్బోలే తప్ప సూపర్‌చార్జర్ లేదు. దాని క్రాంక్ హబ్ కేవలం ఒక్క బోల్ట్ నొక్కుడుతో నిలబడుతుంది. శక్తి పెంచిన కార్లలో ఆ హబ్ జారడం యజమానుల మధ్య బాగా తెలిసిన సమస్య. అక్కడ కష్టం పెద్దది, టైమింగ్ చెయిన్ చక్రం కూడా ఆ నొక్కుడు మీదే ఆధారపడింది. హబ్ కదిలితే వాల్వుల టైమింగ్ కదులుతుంది. ఎల్‌ఎస్‌లో టైమింగ్ చక్రానికి వేరే కీ ఉంచడం ఎంత ముందుచూపో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఎల్‌ఎస్‌లో డ్యాంపర్ జారితే బూస్ట్ పోతుంది, క్రాంక్ ముక్కు పాడవుతుంది, కానీ పిస్టన్లు వాల్వులను గుద్దవు.

ఎల్‌ఎస్ జారుడులో ఒక అన్యాయం ఉంది. ముందు నుంచి చూస్తే ఇంజన్ గడియారం ముల్లు వైపు తిరుగుతుంది. సూపర్‌చార్జర్ బెల్ట్ హబ్‌ను వెనక్కి లాగుతుంది, అంటే క్రాంక్‌తో పోలిస్తే హబ్ ఎదురు దిశలో జారుతుంది. హబ్ ముఖానికి అతుక్కున్న బోల్ట్ తల కూడా ఆ వైపే ఈడ్వబడుతుంది. మామూలు మర ఉన్న బోల్ట్‌కు అది వదులయ్యే దిశ. ఒకసారి జారడం మొదలైతే ప్రతి జారుడూ పట్టును ఇంకొంచెం తగ్గించే ప్రమాదం ఉంది. అందుకే, కాస్తే కదా అని వదిలేయవద్దని గట్టిగా చెబుతాను.

షెవ్రొలే మూడో జవాబు 2009 కార్వెట్ జెడ్‌ఆర్1 లోని ఎల్‌ఎస్9. ఫ్యాక్టరీలోనే 2.3 లీటర్ల సూపర్‌చార్జర్, 638 హార్స్‌పవర్. ఎల్‌ఎస్ కుటుంబంలోనే పుట్టిన ఇంజన్ అయినా, దీని డ్యాంపర్‌కు కీ గాడి తిరిగొచ్చింది. దానితో పాటు ఒక రాపిడి వాషర్ కూడా వచ్చింది. బెల్ట్ పదకొండు గాడుల వెడల్పుది. ఈ మూడూ కలిపి చూడాలి. వెడల్పు బెల్ట్ భారాన్ని జారకుండా తెస్తుంది, వాషర్ పట్టు పెంచి ఆ భారాన్ని మోస్తుంది, కీ ఆ పట్టు ఏ క్షణాన ఓడినా హబ్‌ను కదలనివ్వదు. 1955లో కీ చేసిన పనీ, 1997లో బిగువు చేసిన పనీ ఇక్కడ ఎవరి చోట వారికి దొరికాయి. మూడు జవాబుల్లో నా ఓటు దీనికే.

మామూలు ఎల్‌ఎస్ మీద సూపర్‌చార్జర్ బిగించుకునేవారికి ఆ క్రాంక్ ఉండదు. వారి ముందున్నవి పిన్నులూ, వజ్రపు రాపిడి వాషర్లూ. పిన్ను వేయడమంటే హబ్, ముక్కు కలిసే గీత మీద, ఇరుసు దిశలో రంధ్రం తొలిచి, సగం క్రాంక్‌లో సగం హబ్‌లో ఉండేలా గట్టి ఉక్కు పిన్ను దిగేయడం. రంధ్రాన్ని రీమర్‌తో సరిగా సాఫు చేస్తే పిన్ను సందు లేకుండా కూర్చుంటుంది, ఆ ఒక్క విషయంలో అది కీ కన్నా మేలు. రేడియేటర్ తీస్తే ఇంజన్ దించకుండానే చేయవచ్చు. కానీ క్రాంక్ ఉక్కు, హబ్ ఇనుము ఒకే గట్టిదనంలో ఉండవు, డ్రిల్ మెత్తని వైపు ఒరిగిపోతుంది. గైడ్ లేకుండా చేతి డ్రిల్‌తో తొలిస్తే ఆ పిన్ను క్రాంక్‌ను పట్టుకోనే పట్టుకోదు. సన్నని చూర్ణం ఆయిల్ సీల్ లోకి పోకుండా చూసుకోవాలి.

వజ్రపు వాషర్ పని ఇంకో రకం. పల్చని ఉక్కు రేకు రెండు ముఖాల మీదా సన్నని వజ్రపు రేణువులు నికెల్ పూతలో దిగ్గొట్టి ఉంటాయి. బోల్ట్ నొక్కగానే ఆ రేణువులు రెండు వైపులా ఉక్కులోకి దిగి కరుచుకుంటాయి. రాపిడి మూడింతల దాకా పెరుగుతుంది. మన పాత లెక్కలో 300 న్యూటన్ మీటర్లు 900 అవుతాయి, క్రాంక్‌ను ఎక్కడా కోయనక్కర్లేదు. ఒక్కసారే వాడాలి, ముఖాలకు నూనె చుక్క ఉండకూడదు. బోల్ట్ నొక్కుడు తగ్గితే ఇదీ ఏమీ చేయలేదు.

ఈ రెండింట్లో మొదట వాషర్‌నే ఎంచుకోమంటాను. పిన్నును నిష్పత్తి బాగా పెంచినప్పుడో, పళ్ళ బెల్ట్ వాడినప్పుడో అదనంగా వేయాలి. ఇంజన్ ఎలాగూ విప్పి కొత్త క్రాంక్ కొంటుంటే కీ గాడి ఉన్నదాన్నే కొనాలి. వదులైన హబ్‌ను పిన్నుతో కాపాడుకోవాలని చూడటం మాత్రం పొరపాటు. చేతితో తోస్తే ఎక్కే హబ్‌కు పిన్ను వేస్తే 1955 నాటి కీ కష్టాలే ఆ పిన్నుకు వస్తాయి. ముందు హబ్ మార్చాలి.

జారుతోందో లేదో తెలుసుకోవడానికి తెల్ల పెయింటు చాలు. బోల్ట్ తల నుంచి హబ్ మీదుగా బయటి రింగు దాకా ఒకే సరళరేఖ గీయాలి. కొన్ని గట్టి పరుగుల తర్వాత చూస్తే, గీత బోల్ట్‌కూ హబ్‌కూ మధ్య విరిగితే హబ్ కదిలింది. హబ్‌కూ రింగుకూ మధ్య విరిగితే హబ్ తప్పేమీ లేదు, మధ్యనున్న రబ్బరు ఊడింది, అప్పుడు పిన్ను వేసినా వాషర్ వేసినా దండగ, డ్యాంపర్ మార్చాలి. గీత ఎక్కడా విరగకపోయినా బూస్ట్ పడిపోతుంటే ఒక చిక్కు మిగులుతుంది: బోల్ట్‌ను హబ్ తనతో పాటే ఈడ్చుకుపోయి ఉండవచ్చు. దానికి క్రాంక్‌ను మొదటి సిలిండర్ పై స్థానంలో నిలిపి, హబ్ మీదా టైమింగ్ కవర్ మీదా ఎదురెదురుగా ఇంకో గీత పెట్టుకోవాలి. మళ్ళీ అదే స్థానానికి తెచ్చినప్పుడు ఆ రెండు గీతలు కలవకపోతే హబ్ జారినట్టే. ఈ గీతలు డ్యాంపర్ బిగించిన రోజే పెట్టుకోవాలి, బూస్ట్ పడిపోయాక పెడితే అప్పటిదాకా జరిగిన జారుడు లెక్కకు రాదు.